టాపు మీది బరువు

తొమ్మిదేళ్లపాటు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా బాపుకు చెప్పమని మెకానిక్ సమ్మయ్య కాక నాతో ఒక కబురు పంపాడు. నేను చెప్పలేదు. ఆ సాయంత్రం బాపు తనంతట తానే "సమ్మయ్య ఏమన్నడు బిడ్డా?" అని అడిగితే, "ఏమనలే బాపు" అన్నాను. నేను పెద్దగా అబద్ధాలాడిన మనిషిని కాదు. అబద్ధమాడాలంటే ముందు నోరు తెరవాలి, నాకు అదే కష్టం. నోరు తెరిచి ఆడిన ఆ ఒక్క అబద్ధం రెండు మాటలది. మూడో రోజుకు బాపు లేడు. అప్పటికి నాలుగేళ్లుగా ఒక్క రోజు కూడా తప్పకుండా డైరీ రాస్తున్నాను. అబద్ధమాడిన రోజు పేజీలో మాత్రం ఇంతే ఉంది: "ఎండ ఎక్కువ. జీపు పని అయిపోయింది. అమ్మ నవ్వింది."

పోయిన నెల సమ్మయ్య కాక మంచాన పడ్డాడని తెలిసి అమ్మ నన్ను రఘునాథపల్లి పంపింది. అమ్మ నడుము బస్సు కుదుపులకు ఆగదు, అన్న దుకాణం వదిలి రాలేడు. సంచిలో బత్తాయిలు పెట్టుకుని హైదరాబాదు రోడ్డు మీద బస్సులో కూర్చున్నప్పుడు, ముందు ఒక లారీ మిరప బస్తాలతో పోతోంది. మా డ్రైవరు దాన్ని దాటలేక చాలాసేపు దాని వెనకే నడిపాడు. కిటికీ లోంచి ఆ ఘాటు వచ్చి బస్సులో అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. నాకు తుమ్ము రాలేదు. మిర్చి వ్యాపారుల ఇంట్లో పుట్టినవాళ్లకు అంత తొందరగా రాదు.

మట్టెవాడలో మా ఇల్లు ముందు దుకాణం, వెనక కాపురం. పంట కాలంలో మార్కెట్ యార్డు నుంచి తెచ్చిన మచ్చు కాయలు చిన్న చిన్న సంచుల్లో గూట్లో, కిటికీ మీద, దేవుడి అర పక్కన కూడా ఉండేవి. ఇంట్లో ఏ బట్ట దులిపినా గాలి ఎర్రగా అయ్యేది. బాపు ఇంటికి రాగానే అమ్మ ముందు నూనె గిన్నె ఇచ్చేది, తర్వాత సబ్బు. నూనె రాసి కడిగితే తప్ప మంట పోదు. అలా కడుక్కున్న చేతులతోనే ఆయన నా తల నిమిరేవాడు, కారం కళ్లలో పడకుండా చేతి వెనక వైపుతో మాత్రమే నిమిరేవాడు. పసిపిల్లలుగా ఉన్నప్పుడు మా ఇద్దరినీ ఏడాదిదాకా ఎత్తుకోలేదట. ఎవరినైనా తాకేముందు ఒక్క క్షణం తన చేతులను చూసుకోవడం ఆయనకు అలవాటుగా మిగిలిపోయింది.

బస్తాల మీద నల్లరంగుతో ఊరి పేరు వేసే రేకులు దుకాణంలో ఒక మేకుకు వేలాడేవి. నాగపూర్, ఇండోర్, ఢిల్లీ, ఇంకా పైన ఎక్కడో ఉండే ఊర్లు. అక్షరాల చోట చిల్లులు పడ్డ ఆ రేకులను బాపు దీపానికి ఎదురుగా పట్టుకుని గోడ మీద ఊరి పేర్లు పడేలా చేసేవాడు. నేను చదువు నేర్చుకున్నది కొంత ఆ గోడ మీదే. "మన మిర్చి చూసిన ఊర్లు మనం చూడలే" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, కానీ చాలాసార్లు అనేవాడు. అమ్మ నడుము ఎముక జరిగిన తర్వాత ఆ మాట మానేశాడు. గంటసేపు కూర్చుంటే అమ్మ పడుకోవాలి. బస్సైనా రైలైనా ఆమెకు శిక్షే. హన్మకొండ దాటి ఎటూ పోక ఆరేళ్లు గడిచిపోయాయి.

అలాంటప్పుడు, నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, ములుగు దిక్కు అడవి పనులు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర నుంచి బాపు పాత జీపు ఒకటి తెచ్చాడు. ఇనుప టాపు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. బురదలో దిగబడినా లేచొస్తుందని పేరు. రంగు పోయి అక్కడక్కడా తుప్పు కనపడుతోంది. అన్న దాని చుట్టూ తిరిగి "బాపూ, ఇది బండా, బర్రెనా?" అన్నాడు. "బర్రైతే ఏంది? మీ అమ్మను పండుకోబెట్టి హిమాలయం దాక తీసుకపోతది" అన్నాడు బాపు. అప్పుడు మాకు అర్థమైంది ఆయన ఎన్నేళ్లుగా ఏం ఆలోచిస్తున్నాడో.

ఆ వేసవి అంతా మా ఇంట్లో జీపు పనే. యార్డు మూతపడ్డ సాయంత్రాల్లో బాపు, సమ్మయ్య కాక, అన్న అరుగు మీద కూర్చుని ఏం మార్చాలో, ఏం మార్చొద్దో మాట్లాడుకునేవాళ్లు. నేను గడప లోపల నోటుపుస్తకంతో కూర్చుని రాసేదాన్ని. సమ్మయ్య కాక షెడ్డు స్టేషను రోడ్డు దగ్గర ఉండేది. బక్కపలచని మనిషి. మాటకు ముందు దగ్గు, మాట తర్వాత నవ్వు. పెద్ద టైర్లు వేద్దామని, ముందు గొలుసుతో లాగే యంత్రం పెడదామని, పొగగొట్టం పైకి తీద్దామని ఆయన ఉత్సాహపడేవాడు. "ఏందయ్యా, బండిని పెండ్లికొడుకును చేస్తానవా? బాసింగం గూడ కట్టు" అని బాపు నవ్వేవాడు. "పని పెంచుకుంటానవ్ గని, నాకు గవన్ని వద్దు. మనిషి పండాలె, తినాలె, నీళ్లు తాగాలె. గంతే." కాక బుగ్గలు ఉబ్బించి "నేను పని పెంచుకునెటోన్నా సేటూ!" అని అలిగేవాడు. అమ్మ లోపలినుంచి టీ పంపితే అలక పోయేది. కానీ ఆ ఎగతాళి ఆయనలో ఎక్కడో ఉండిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

చివరికి తేలిన మార్పులు చాలా కొద్ది. వెనక సీట్లు తీసేసి, అమ్మ కాళ్లు చాపుకుని పడుకునేంత చెక్క బల్ల. దాని మీదికి కొత్తవాడలో కొలత ఇచ్చి నేయించిన జంపఖానా. కిటికీలకు దోమల జాలీ. వెనక తలుపు తీస్తే వంటకు దిగే మడత పలక. పక్కకు గుంజితే నీడనిచ్చే టార్పాలిన్. అమ్మ లేచి కూర్చోవడానికి పట్టుకునే ఇనుప కడ్డీ ఒకటి, దానికి గుడ్డ చుట్టింది నేనే. టాపు మీద సామాను కట్టడానికి క్యారియరు. బాపు ప్రతిదాన్నీ దుకాణం కాంటా మీద పెట్టి తూచేవాడు. స్టౌ, గిన్నెలు, తాళ్లు, పానాల పెట్టె, ఆఖరికి అట్లకాడ కూడా. ఆయన బరువు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. బండి మోయగలిగే బరువెంతో కాక దగ్గర కనుక్కుని, దానికి నలభై కిలోలు తక్కువే ఉండేలా చూసుకున్నాడు. రెండు జతల బట్టలు చాలని అన్నకు చెప్పి, తనకు ఒకటిన్నర జత పెట్టుకున్నాడు. అంత జాగ్రత్త మనిషి.

ఆయన లెక్కలో తప్పు లేదు. ఎంత బరువన్నది చూశాడు, ఎంత ఎత్తున ఉందన్నది చూడలేదు. ఎందుకు చూడలేదో ఇప్పుడు నాకు తెలుసు. మిరపకాయ తేలిక. లారీ నిండాలంటే బస్తాలను తాటిచెట్టంత ఎత్తుకు పేర్చాలి. బాపు తన జీవితమంతా అలాంటి లారీలు కట్టించి పంపాడు, అవి మూడు నాలుగు రాష్ట్రాలు దాటి ఊరు చేరాయి. ఎత్తు అంటే భయపడాలన్న సంగతి ఆ వృత్తి ఆయనకు నేర్పలేదు. లోపల బల్ల మీద అమ్మ ఉంటుంది కాబట్టి, అమ్మకు చోటు ఇరుకు కాకూడదు కాబట్టి, పెద్ద నీళ్ల క్యాన్లు రెండు, డీజిల్ క్యాను, అదనపు టైరు, పానాల పెట్టె అన్నీ క్యారియరు మీదికి పోయాయి. "ఎత్తుదేముంది? తాడు గట్టిగుంటే చాలు" అన్నాడు. ఆ మాట కూడా నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను.

జీపు పని ముగిసిన రోజు, జంపఖానాకు ఆఖరి కొలత తెమ్మని బాపు నన్ను షెడ్డుకు పంపాడు. కాక బండి కింద నుంచి బయటికి జరిగి, చేతులు తుడుచుకుంటూ క్యారియరు వైపు చూశాడు. టైరు, పానాల పెట్టె పైకెక్కి ఉన్నాయి. నీళ్ల క్యాన్లకు కొక్కేలు బిగించి ఉన్నాయి.

"ఇటు జూడు పిల్లా. ఇగో, ఇదంత పైన పెట్టొద్దు. పైన బట్టలు, పరుపులు, టార్పాలిన్ గట్టుకొమ్మను. నీళ్లు, టైరు కిందికి రావాలె. నీళ్లు ఊకుంటయా? బండి ఇటు ఒరిగితే అవి సుత ఇటే ఉరుకుతయి. మలుపు కాడ బండి మన మాట ఇనది."

నేను తలూపాను.

"నేను చెప్తే మళ్లా పని పెంచుతాండు అంటడు మీ బాపు. నువ్వు చెప్తే ఇంటడు. రాసెటి పిల్లవు గదా. మీ బాపు తూకమెరిగిన మనిషే గని, బండెరిగిన మనిషి గాదు. గదే చెప్పు. నేను నాలుగొద్దులు ఊరికి పోతాన, మా కొట్టం కూలింది. ఆయన ఊ అంటే వచ్చినంక ఇవన్ని కింద పెట్టుకునెతందుకు డబ్బాలు కొట్టిస్త. అప్పటిదాక బండి తియ్యొద్దను. మర్చిపోకు."

మర్చిపోలేదు. దారంతా ఆ మాటలను మనసులో వరసగా పేర్చుకుంటూ వచ్చాను. నాకు అలవాటది. ఎవరితోనైనా ఏదైనా చెప్పాలంటే ముందు లోపల పదిసార్లు అనుకోవాలి. "తూకమెరిగిన మనిషే గని" అన్న ముక్క దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. ఆ మాట బాపు ముందు ఎలా అనాలి? అది వదిలేసి మిగతాది చెప్పొచ్చని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా బుర్రలో అవి విడిపోలేదు.

సాయంత్రం అన్న జీపును ఇంటి ముందుకు తెచ్చాడు. పక్కిళ్లవాళ్లంతా బయటికొచ్చారు. బాపు అమ్మను చెయ్యి పట్టి ఎక్కించి బల్ల మీద పడుకోబెట్టాడు. నేను గుడ్డ చుట్టిన కడ్డీ పట్టుకుని అమ్మ తనంతట తానే లేచింది, మళ్లీ పడుకుంది. కాళ్లు పూర్తిగా చాపింది. "ఇట్లనైతే ఢిల్లీ దాక ఏంది, ఆడికెళ్లి ఇంక పైకి గూడ పోత" అని నవ్వింది. అమ్మ గట్టిగా నవ్వడం అప్పటికి ఎన్నాళ్లయిందో. ఎదురింటి ఆమె "నీకేందమ్మా, పల్లకిల పోతానవ్" అంది. క్యాన్లు, టైరు కిందికి వస్తే ఆ బల్ల సగం అవుతుంది. అమ్మ మళ్లీ మోకాళ్లు ముడుచుకోవాలి. అది నాకు లెక్కతో సహా తెలుసు, కొలతలన్నీ రాసింది నేనే.

అప్పుడే బాపు నావైపు తిరిగి, సమ్మయ్య ఏమన్నాడని అడిగాడు. అందరూ నన్ను చూశారు. అన్న "మౌనమునిని అడుగుతానవా బాపూ, రేపటికి జవాబిస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. "ఏమనలే బాపు" అన్నాను. రేపు ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయన యార్డు నుంచి ఆలస్యంగా వచ్చాడు. ఆ మర్నాడు క్యాన్లలో నీళ్లు నింపుతూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. కాక ఊరి నుంచి రాగానే ఆయనే చెబుతాడులే అనుకున్నాను.

కాక రాకముందే, యార్డుకు సెలవున్న రోజు చూసి, పూర్తి బరువుతో ఒకసారి అడవి రోడ్డులో నడిపి చూద్దామని బాపు, అన్న బయల్దేరారు. "ముందు మేం జూసొస్తం, తర్వాతనే మీ అమ్మను ఎక్కిస్త" అన్నాడు. ఆ జాగ్రత్త వల్లే అమ్మ ఈ రోజు బతికి ఉంది. నర్సంపేట దాటినాక ఒక మలుపులో బర్రె అడ్డొచ్చింది. బాపు నెమ్మదిగానే పోతున్నాడని అన్న ఇప్పటికీ చెబుతాడు. చక్రం ఒక పక్కకు తిప్పాడు, బండి అటు తిరిగింది, టాపు మాత్రం ఇంకో పక్కకు పోయింది. దవాఖానకు తెచ్చేసరికే బాపు లేడు. అన్న కుడికాలు మూడు చోట్ల విరిగింది. ఇప్పుడు దుకాణంలో స్టూలు మీద ఆ కాలు చాపుకునే కూర్చుంటాడు.

బోల్తాపడ్డ బండిని లాగడానికి ఊరి నుంచి పిలిపించింది సమ్మయ్య కాకనే. క్యారియరుకు ఇంకా కట్టే ఉన్న క్యాన్లను చూసి ఆయన రోడ్డు మీదే తల కొట్టుకున్నాడట. "చెప్పిన గదా సేటూ, పైన పెట్టొద్దని చెప్పిన గదా" అని అరిచాడట. అక్కడున్నవాళ్లంతా విన్నారు. సాయంత్రానికి మట్టెవాడంతా విన్నది. ఎప్పుడో నేరుగా బాపుతోనే చెప్పి ఉంటాడని అన్నతో సహా అందరూ అనుకున్నారు, ఎవరితో చెప్పి పంపావని ఎవరూ ఆయనను అడగలేదు. నేను చేరవేయలేదేమోనన్న అనుమానం ఆయనకు రాలేదు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అమ్మ పక్కన కూర్చుని ఒకటే మాట అన్నారు: "సమ్మయ్య చెప్పిండట గదమ్మా. సేటు ఇనలేదట."

నేను గోడకానుకుని కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. అందరూ నిజంగా ఏడుస్తున్న చోట నా మాటకు చోటుందా అనిపించేది. తర్వాత ఏడుపులు ఆగిపోయాయి, అప్పుడు ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టడానికి భయమేసింది. అలా వారం, నెల, ఏడాది. చెప్పని ప్రతి రోజూ చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది.

మా బాపు అందరినీ అడిగి చేసే మనిషి. హమాలీని అడిగేవాడు, లారీ డ్రైవరును అడిగేవాడు, ఇంటర్ చదివే నన్ను కూడా "నువ్వేమంటవ్?" అని అడిగేవాడు. ఆ రోజు అడగబట్టే కదా నేను అబద్ధమాడవలసి వచ్చింది. అలాంటి మనిషి మా ఇంట్లో మొండివాడిగా మిగిలిపోయాడు. కాలు లాగినప్పుడల్లా అన్న అంటాడు, "ఒక్క మాట ఇనుంటే అయిపోయేది." పనివాళ్లకు కూడా అదే చెబుతాడు: "మా బాపు లెక్క మొండికెయ్యొద్దు." అమ్మ ఫోటో తుడుస్తూ తిడుతుంది. మొదట్లో ఏడుస్తూ తిట్టేది, ఇప్పుడు ఏడుపు పోయి తిట్టే మిగిలింది. "మంచి చెప్తె ఇనకపోతివి. నన్ను ఆగం జేసి పోతివి." జీపు పాత ఇనుము కింద పోయింది. క్యారియరు మాత్రం డాబా మీద ఉంది, అమ్మ దాని మీద బట్టలారేస్తుంది. ఆమె మంచం చుట్టూ ఉన్న లోకం ఇప్పుడు ఇంకా చిన్నదైంది. హన్మకొండ కూడా రాదు.

ఇప్పుడు నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మాట్లాడే అవసరం తక్కువున్న పని కాబట్టే చేరాను. మధ్యాహ్నం పిల్లలు ఫోన్లలో వీడియోలు చూస్తుంటారు. బండిలోనే మంచం, బండిలోనే వంట, మంచుకొండల దాకా ప్రయాణం. ఇప్పుడవన్నీ తయారుగా దొరుకుతున్నాయి, సమ్మయ్య కాకలు అక్కర్లేదు. ఒకసారి వినకూడదనుకుంటూనే విన్నాను. మీసాలు రాని కుర్రాడొకడు అన్నిటికంటే ముందు చెప్పిన జాగ్రత్త: బరువులన్నీ కింద, తేలికవి పైన. బాపు నాటికి ఆ మాట మోసుకొచ్చే దారి నేనొక్కదాన్నే.

రఘునాథపల్లిలో సమ్మయ్య కాక కొడుకు ఇంటి వసారాలో నులక మంచం మీద ఉన్నాడు. ముక్కుకు గొట్టం. నన్ను గుర్తుపట్టి, "రాసెటి పిల్ల" అన్నాడు. కోడలు టీ ఇచ్చి లోపలికి పోయింది. బత్తాయిలు మంచం కింద పెట్టాను. అమ్మ బాగుందా, అన్న కాలు ఎట్లుంది, అన్నీ అడిగాడు. అడిగి, ఊపిరి కూడదీసుకుని, "మంచి మనిషి మీ బాపు. ఒక్క నా మాటనే ఖాతరు జెయ్యలే" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను.

"కాకా, నేను బాపుకు చెప్పలే."

"ఏంది చెప్పలే?"

"నీళ్ల క్యాన్ల సంగతి. నువ్వు చెప్పుమన్నది."

ఆయన తల నావైపు తిప్పాడు. "మర్చిపోయినవా?"

"లే. యాదికుండె."

"సేటు అడగలేదా, సమ్మయ్య ఏమన్నడని?"

"అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"'ఏమనలే' అని చెప్పిన."

లోపల కోడలు గిన్నెలు కడుగుతోంది. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని లేచాను. ఇదంతా రాసి, ఈ కాగితాలను ముందు అమ్మ చేతికే ఇవ్వాలని ఆ వసారాలో నిలబడే అనుకున్నాను. మా ఇంట్లో నోటితో చెప్పడం నావల్ల కాదు. అమ్మ నెమ్మదిగానైనా చదవగలదు, అన్నకు ఆమే చెబుతుంది. ఆ తర్వాత వాళ్లు నన్ను ఏమనుకున్నా, బాపును మాత్రం ఇక అనరు.

నేను వెళ్లొచ్చిన తొమ్మిదో రోజున సమ్మయ్య కాక పోయాడని కబురొచ్చింది. నేను వెళ్లిన ఆ రోజు, వసారా దిగబోతుంటే ఆయన కళ్లు తెరవకుండానే పిలిచాడు. వెనక్కి వచ్చి మంచం దగ్గర నిలబడ్డాను. గొట్టం పక్కకు జరుపుకుని, ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పాడు.

"సేటు నా మాట కాలికింద ఏసి తొక్కిండనుకున్న. గా కోపానికి ఆయన దినాలకు సుత రాలే, బిడ్డా."